దుప్పటికి అటు చివర

మా అన్నయ్య చిన్నకూతురికి తక్కెడ అని పేరు పెట్టింది నేనే. పెట్టినందుకు వదిన నాతో కొన్నాళ్ళు ముభావంగా ఉంది కానీ పేరు మాత్రం నిలిచిపోయింది. అది పాలగ్లాసు అందుకున్నాక వెంటనే తాగదు. అక్క గ్లాసు పక్కన తన గ్లాసు పెట్టి, వంగి, రెండింట్లోనూ పాలు ఎందాకా ఉన్నాయో చూస్తుంది. తనదాంట్లో వెంట్రుకవాసి తక్కువగా కనబడితే చాలు, "అత్తా, నువ్వే చెప్పు" అని నన్ను సాక్ష్యానికి పిలుస్తుంది. ఇద్దరికీ ఒకే తానులోంచి గౌన్లు కుట్టిస్తే, అక్క గౌనుకు గుడ్డ ఎక్కువ పట్టిందని ఏడ్చిన ఘనురాలు. అక్క పొడుగు కాబట్టి ఎక్కువ పట్టిందే మొద్దూ అన్నాను. "అదెందుకు పొడుగవ్వాలి?" అంది.

కుళ్ళుబోతుతనం మంచిది కాదని అందరూ చెబుతారు. నేనూ దానికి చాలాసార్లు చెప్పాను, చెవి మెలిపెట్టి మరీ చెప్పాను. ఇప్పుడు చెప్పడం మానేశాను. ఎందుకు మానేశానో తెలియాలంటే మా ఇంటి సంగతి కొంచెం తెలియాలి.

మాది బట్టలు ఉతికి ఇస్త్రీ చేసిచ్చే దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. ముందుగదిలో అన్నయ్య బట్టలు తీసుకుని ఏవి ఎవరివో తెలిసేలా కాలరు లోపల చిన్న గుడ్డముక్క గుచ్చుతాడు. మధ్యగదిలో వదిన ఇస్త్రీబల్ల. వెనకగదిలో ఉతికే యంత్రాలు, అక్కణ్ణుంచి మెట్లు దిగితే బట్టలారేసే తీగలు కట్టిన పెరడు. పెళ్ళి మీద మోజు లేక పుట్టింట్లోనే ఉండిపోయిన నేను మధ్యగది కిటికీ దగ్గర కూర్చుని, ఊడిన గుండీలు కుడతాను, చిరుగులకు రఫ్ఫు చేస్తాను. కిటికీ దగ్గర కూర్చున్నావు, నీకు వీధంతా కాలక్షేపమే అంటారు అందరూ. నేను వీధిని చూసింది తక్కువ. మా ఇంట్లో రోజూ జరిగే తగాదాలే నాకు కావలసినంత కాలక్షేపం.

వదిన పెద్దదాన్ని 'బంగారం' అంటుంది, చిన్నదాన్ని 'ఒసేయ్' అంటుంది. ఇందులో వదిన తప్పేమీ లేదని నేను అనను, ఉంది. కానీ ఆ తప్పు ఊరికే రాలేదు. పెద్దది ఇంకా నడక నేర్వకముందే దాని కంటిపాపలో తెల్లగా ఏదో మెరవడం వదిన కంటబడింది. చూపిస్తే రెండు కళ్ళలోనూ కాన్సరు గడ్డలన్నారు. ఎడమకన్ను తీసేసి గాజుకన్ను పెట్టారు. కుడికన్నుకు కరెంటు పెట్టారు. కరెంటు అంటే గడ్డను మాడ్చేసే కిరణాలు, మావాళ్ళంతా అలాగే అంటారు. మొత్తానికి కుడికంటి చూపు నిలిచింది, పిల్ల బతికింది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు వదినను కూర్చోబెట్టి చెప్పాడు. "రెండు కళ్ళకీ వచ్చిందంటే ఇది పుట్టుకతోనే ఒంట్లో ఉన్న జన్యులోపమమ్మా. ఇలాంటి పిల్లలకి పెద్దయ్యేకొద్దీ ఎముకల్లో కాన్సరు వచ్చే అవకాశం మిగతా పిల్లలకన్నా ఎక్కువ. ముఖ్యంగా గబగబా పొడుగు సాగే వయసులో, మోకాళ్ళ దగ్గర. కరెంటు పెట్టాం కాబట్టి కంటి చుట్టుపక్కల ఎముకల్ని కూడా కనిపెట్టుకుని ఉండాలి. వస్తుందని కాదు. కానీ ఎముక నొప్పి తగ్గకుండా ఉన్నా, వాపు కనబడినా ఆలస్యం చెయ్యకండి." ఇందులో 'వస్తుందని కాదు' అన్న ముక్క తప్ప మిగతాదంతా వదిన చెవిన పడింది.

ఇక అప్పట్నుంచీ పెద్దది 'కాలు' అంటే చాలు, వదిన చెప్పులు వెతుక్కునేది. దీనికి తోడు దుకాణానికొచ్చే ఒకావిడ, ఎముకకు దెబ్బ తగిలితే అక్కడే కాన్సరు పుడుతుందని చెప్పి పోయింది. ఆవిడ బట్టల మీద మరకలే పోవు, ఆవిడ మాట ఎక్కడ పోతుంది! పెద్దదానికి పరుగు లేదు, తాడాట లేదు, బట్టలబుట్ట పట్టుకుని మెట్లెక్కడం లేదు, ఇస్త్రీపెట్టె వైపు వెళ్ళడం లేదు.

చిన్నది పుట్టగానే దానికీ రక్తపరీక్ష చేయించారు. ఆ లోపం అన్నయ్యలో లేదు, వదినలో లేదు, పెద్దదానితోనే మొదలైందట. చిన్నదానికీ రాలేదన్నారు. ఆ రోజు వదిన ఆనందం పట్టలేక ఏడ్చేసింది. దానికి ఊహ తెలిశాక ఈ సంగతి చెబితే, "అంటే అక్కకున్నది నాకు లేదా?" అని మూతి ముడిచింది.

"బళ్ళో పరీక్షల్లో అక్కకి ఎక్కువొస్తే ఏడుస్తావు సరే, ఈ పరీక్షకి కూడా ఏడుస్తావుటే?" అన్నాను.

ఏడ్చింది. దాని బాధ దానిది. అక్క ఆసుపత్రికి వెళ్ళినప్పుడల్లా అమ్మ పక్కన కిటికీ సీటు, తిరిగి వచ్చేటప్పుడు ఐస్‌క్రీము. చిన్నదానికి దుకాణంలో నా పక్కన కూర్చుని రంగురంగుల గుండీలు ఏరే పని. అక్కకు ఒక కన్ను పోయి ఒక కన్ను దక్కిందని దానికి తెలుసు. అయినా అమ్మ రోజంతా అక్క వెంటే ఉండడం చూస్తే దానికి కన్నుకుట్టేది. దాచుకోవడం కూడా దానికి చేతకాదు.

ఎత్తు ఎదిగే వయసు వచ్చాక చిన్నదానికీ కాళ్ళు పీకడం మొదలైంది. అవి నిజం నొప్పులే. రెండు పిక్కలూ సాయంత్రం లాగేవి, తెల్లారేసరికి పోయేవి. వదిన చేతిలో ఇస్త్రీపెట్టె దించకుండానే, "ఎదిగే పిల్లలకి అలాగే ఉంటుంది. ఏం కాదులే, పో" అంది. ఆ 'ఏం కాదులే, పో' దానికి చాలా కష్టంగా తోచింది. మర్నాడు బడినుంచి కుంటుకుంటూ వచ్చింది. ఇస్త్రీబల్ల ముందు అటూ ఇటూ తిరిగి కుంటింది. నేను సూదిలో దారం ఎక్కిస్తూ, "తక్కెడా, ఇందాక లోపలికి వచ్చేటప్పుడు కుడికాలితో కదుటే కుంటావు?" అన్నాను. ఆగింది, ఆలోచించింది, కాలు మార్చింది. వదిన నవ్వు ఆపుకోలేక షర్టు మీద నీళ్ళు ఎక్కువ చల్లేసింది. నవ్వినందుకు అది మా ఇద్దరితోనూ మాట్లాడడం మానేసింది.

ఇక దుప్పట్ల సంగతి చెప్పాలి. మాకొచ్చే బట్టల్లో సగం లాడ్జి దుప్పట్లే. దుప్పటి మడత పెట్టడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి చెరో రెండు కొసలూ పట్టుకోవాలి, బిగలాగి విదిలించాలి, సగానికి మడిచి మళ్ళీ బిగలాగాలి, ఆ తర్వాత ఒకరి వైపు ఒకరు నడిచొచ్చి కొసలు కలపాలి. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకి. వదిన పెద్దదాన్ని ముట్టుకోనిచ్చిన పని ఇదొక్కటే కాబట్టి దుప్పట్లు అక్కచెల్లెళ్ళ వాటాకు వచ్చాయి. ఇందులోనూ తక్కెడ తన న్యాయం తను పెట్టింది. మధ్యగది నేలబండల మధ్య సరిగ్గా నడుమన ఒక గీత ఉంది. ఇద్దరూ ఆ గీత దగ్గరే కలవాలి, ఒక్క అడుగు కూడా ఎవరూ ఎక్కువ నడవకూడదు. పెద్దది నవ్వి సరేనంది. అలా కొన్నేళ్ళు ఆ గీత మీదే వాళ్ళ మడతలన్నీ కలిశాయి.

పెద్దదానికి పద్నాలుగు నిండిన ఏడు వానలు జాస్తిగా పడ్డాయి. పెరటి మెట్లు పాకుడు పట్టాయి. వదిన పెద్దదానికి అడుగు జారని కొత్త బూట్లు కొంది. అక్క పాతబూట్లు చిన్నదానికి వచ్చాయి. వాటి అడుగు అరిగి నున్నగా ఉంది. "అక్క జారకూడదు, నేను జారితే ఫర్వాలేదన్నమాట" అని అది పొద్దున్నుంచీ గొణుగుతూనే ఉంది. సాయంత్రం ఆరేసిన బట్టలు తీయడానికి ఇద్దరూ పెరట్లోకి వెళ్ళారు. మెట్ల మీద ఆ బూట్ల మీదే మాటా మాటా పెరిగి చిన్నది అక్కను తోసింది. పెద్దది మోకాలి మీద పడింది. ఈ తోసిన సంగతి మాకు చాలా తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం పెద్దది లేచి గౌను దులుపుకుని, "జారాను. చేతులు ఆన్చేశాను, ఏం తగల్లేదు" అంది. వదిన దాన్ని ముందూ వెనకా తిప్పి చూసి, బూట్లు అమ్మినవాణ్ణి నానా మాటలూ తిట్టింది. చిన్నది తల వంచుకుని బట్టలు లోపల పెట్టింది.

ఆ తర్వాత కొన్ని వారాలకు చిన్నది నా దగ్గరకు ఫిర్యాదులు మోసుకు రావడం మొదలుపెట్టింది.

"అత్తా, రాణీగారు గీత దాకా రావడం మానేశారు. దుప్పటి పట్టుకుని నిలబడిపోతుంది. నేనే అంత దూరం నడిచెళ్ళి కొసలు అందించాలట."

"అక్కే కదుటే. రెండడుగులు ఎక్కువ వేస్తే అరిగిపోతావా?"

"అరుగుతాను."

మర్నాడు ఇంకోటి. "మెట్లెక్కేటప్పుడు ఎప్పుడూ ఎడమకాలే ముందు వేస్తుంది. కుడికాలు వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది. నడకలో కూడా స్టైలే!" ఆ మర్నాడు ఇంకోటి. "అమ్మ దానికి అంత మంచి పొట్టిగౌను కొంటే వేసుకోదు. ఎప్పుడూ ఆ పొడుగు స్కర్టే. నాకిస్తుందా అంటే ఇవ్వదు." ఆఖరికి ఒక రోజు ఉడుక్కుంటూ వచ్చి, "పడుకునేటప్పుడు నా దిండు లాక్కుంటోంది అత్తా! తల కిందకి కూడా కాదు, మోకాలి కిందకి!" అంది.

"ఈ శ్రద్ధలో పావువంతు చదువు మీద పెడితే కలెక్టరువి అయ్యేదానివే" అని నా పని నేను చూసుకున్నాను. వదినకు ఇవేవీ కనబడలేదు. పెద్దది 'నొప్పి' అంటే ఆమె పరుగెత్తేది, అనకపోతే నెమ్మదిగా ఊపిరి పీల్చుకునేది. పిల్ల ఏమీ అనడం లేదు కాబట్టి ఈమధ్య వదిన ముఖంలో కొంచెం తేట కూడా వచ్చింది.

ఆ రోజు మధ్యాహ్నం లాడ్జి దుప్పట్లు గుట్టగా వచ్చాయి. వదిన ముందుగదిలో ఎవరికో చొక్కాలు లెక్కచెప్పి ఇస్తోంది. నేను కిటికీ దగ్గర ఒక కోటు మోచేతికి రఫ్ఫు చేస్తున్నాను. చిన్నది మడత పట్టుకుని సరిగ్గా గీత మీదకు వచ్చి ఆగిపోయింది.

"ఇవాళ నువ్వు రా" అంది.

"నువ్వే రావే, ప్లీజ్."

"రాను. ఎప్పుడూ నేనే ఎందుకు రావాలి? కాళ్ళు నాకే ఉన్నాయా, నీకు లేవా?"

అంటూనే కొసలు పట్టుకుని ఒక్క లాగు లాగింది. పెద్దది తూలి కుడికాలి మీద ఒక అడుగు వేసింది. నోరు తెరిచింది కానీ చప్పుడు రాలేదు. ముఖంలో నెత్తురుచుక్క లేదు. చేతిలో దుప్పటి మాత్రం వదల్లేదు.

నాకేమీ అర్థం కాలేదు. చిన్నదానికి అర్థమైంది. దొంగనొప్పి గురించి మా ఇంట్లో దానికి తెలిసినంత ఎవరికీ తెలియదు. దొంగనొప్పి అయితే ముందు అరుస్తారు, ఆ తర్వాత ఎవరైనా చూస్తున్నారా అని చుట్టూ చూస్తారు. పెద్దది అరవలేదు. అమ్మ చూడలేదు కదా అని ముందుగది వైపు భయంగా చూసింది. చిన్నది దుప్పటి కింద పడేసి, వెళ్ళి అక్క స్కర్టు పైకెత్తింది. మోకాలికి కాస్త పైన, ఒక పక్కగా, నున్నటి వాపు. నాకు కిటికీ దగ్గర్నుంచే కనబడింది.

"ఎప్పట్నుంచి?" అంది చిన్నది.

"గట్టిగా మాట్లాడకు."

"ఎప్పట్నుంచే?"

"మెట్ల మీద పడినప్పట్నుంచి. తగ్గుతుందనుకున్నా. అమ్మకి చెప్పకు."

"ఎందుకు చెప్పకూడదు?"

"తోసింది నువ్వని బయటపడుతుంది. అమ్మ నిన్ను బతకనివ్వదు."

అప్పుడు తెలిసింది నాకు, తోసిన సంగతీ, దాచిన సంగతీ రెండూ ఒక్కసారే. చేతిలో సూది అలాగే ఉంది. చిన్నదాని ముఖం చూశాను. పుట్టినప్పట్నుంచీ అమ్మ ఒక్కసారి తనవైపు తిరిగి చూస్తే చాలునని ఏడ్చిన పిల్ల అది. ఇప్పుడు నోరు విప్పితే అమ్మ చూస్తుంది, తన బంగారాన్ని విరగ్గొట్టినదాన్ని చూసినట్టే చూస్తుంది. దెబ్బ తగిలిన చోట కాన్సరు పుడుతుందన్న ఆవిడ మాట మా ఇంట్లో అందరికన్నా గట్టిగా నమ్మింది కూడా ఇదే. నాకు దానిమీద జాలి ముంచుకొచ్చింది.

"నేను చెబుతాలే మీ అమ్మకి. వాపు చూశానని చెబుతా. ఆ తోసిన ముక్క మనకెందుకు?" అన్నాను.

తల అడ్డంగా ఊపింది. "డాక్టరు అడిగితే అక్క అబద్ధం చెబుతుంది అత్తా. అబద్ధం చెబితే తప్పుమందు ఇస్తారేమో."

వదిన అప్పుడే తిరిగొచ్చి ఇస్త్రీపెట్టె చేతిలోకి తీసుకుంది. చిన్నది వెళ్ళి బల్లకు ఇటువైపు నిలబడింది. "అమ్మా, మెట్ల మీద అక్క జారలేదు. నేనే తోశాను. మోకాలు వాచింది. కొడితే తర్వాత కొట్టు, ముందు అక్కని ఆసుపత్రికి తీసుకెళ్ళు."

వదిన తర్వాతకు ఆగలేదు. చిన్నదాని చెంప మీద నేనెప్పుడూ చూడనంత గట్టిగా ఒక్కటి కొట్టి, పరిగెత్తి పెద్దదాని కాళ్ళ దగ్గర కూలబడింది. ఇస్త్రీపెట్టె చొక్కా మీదే ఉండిపోయింది. మాడువాసన వచ్చాక చిన్నదే వెళ్ళి, ఒక చేత్తో చెంప పట్టుకుని, రెండో చేత్తో పెట్టె తీసి నిలబెట్టింది. అన్నయ్య షట్టరు దించేశాడు.

ఎక్స్‌రే తీశారు, పెద్ద యంత్రంలో పడుకోబెట్టి ఫొటోలు తీశారు, ఎముకలోంచి ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా వదిన చిన్నదానితో ఒక్కమాట మాట్లాడలేదు. అది ఎదురొస్తే తప్పుకుని పోయేది. అది పాలగ్లాసులు కొలవడం మానేసింది. దానికి ఇచ్చింది తాగేది, ఇవ్వకపోతే అడిగేది కాదు. దాన్నలా చూడడం కన్నా అది కుళ్ళుకుంటుంటే చూడడమే నయమనిపించింది నాకు.

ఫలితం చెప్పే రోజు అందరం వెళ్ళాం. పిల్లల కాన్సరు చూసే లేడీడాక్టరు. ఆవిడ గది చిన్నది, కుర్చీలు చాలక చిన్నది తలుపుకు ఆనుకుని నిలబడింది. ఎముక కాన్సరే అంది డాక్టరు. వదిన ఏడవలేదు. ఇన్నేళ్ళూ దేనికి భయపడిందో అదే వచ్చి ఎదురుగా కూర్చుంది, ఇక ఏడవడానికి ఏం మిగిలింది? తలుపు వైపు చెయ్యి చూపించి, "అదిగో, అది తోసింది డాక్టరుగారూ. ఆ దెబ్బవల్లే" అంది.

డాక్టరు కలం పక్కన పెట్టింది. "దెబ్బవల్ల ఎముకలో కాన్సరు రాదమ్మా. చాలామంది అలాగే అనుకుంటారు. దెబ్బ తగిలాక ఆ చోటు నొప్పెడితే అందరం అటు చూస్తాం, అప్పుడు అంతకుముందునుంచీ ఉన్నది బయటపడుతుంది. ఇది ఆ పడడానికి ముందే మొదలై ఉండొచ్చు."

"మరి దేనివల్ల?"

"దీనివల్లే అని ఒక్కటి చూపించలేను. మీ పాపకి పుట్టుకతో ఉన్న ఆ లోపం ఒక కారణం. ఎముకలు వేగంగా సాగే వయసు ఇంకొకటి. ఇవి ఉంటే అవకాశం పెరుగుతుంది, అంతే. ఇవి ఉన్న అందరికీ రాదు. ఇక్కడ వార్డులో ఉన్న పిల్లల్లో చాలామందికి ఇవేవీ లేవు, అయినా వచ్చింది. ఎవరో తోస్తే రాలేదు, మీరు తినడానికి ఏదో పెట్టడంవల్లా రాలేదు, పెట్టకపోవడంవల్లా రాలేదు."

డాక్టరే మళ్ళీ అంది. "ఊపిరితిత్తుల్లోకి పాకలేదు. అది మంచిమాట. మందులతో గడ్డని తగ్గించి, ఆ ఎముకముక్క తీసేసి లోహంది పెడతాం, తర్వాత మళ్ళీ మందులు. కాలు నిలబెట్టడానికే చూస్తాం. ఇంకా కొన్నాళ్ళు దాచి ఉంటే ఈ మాట అనగలిగేదాన్నో లేదో. పాప తనంతట తను చెప్పలేదన్నారు కదా, మరి ఎవరు కనిపెట్టారు?"

వదిన చాలాసేపు తన చేతులకేసి చూసుకుంది. తర్వాత, "మా చిన్నమ్మాయి" అంది.

ఒసేయ్ కాదు, అది కాదు, చిన్నమ్మాయి. తలుపు దగ్గర ఆ పిల్ల నిటారుగా నిలబడింది.

"ఎలా కనిపెట్టావమ్మా?" అంది డాక్టరు.

"గీత దాకా రావడం మానేసింది. నా దిండు తీసుకుంది" అంది చిన్నది. డాక్టరుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పెద్దది మాత్రం ఆ గదిలో, కాన్సరన్న మాట విన్న తర్వాత కూడా, ఫక్కున నవ్వింది.

బయట వరండాలో వదిన చిన్నదాన్ని దగ్గరకు లాక్కుంది. క్షమించమని అడగడం మావాళ్ళకు చేతకాదు. చెంప నిమిరి, "నొప్పిగా ఉందా?" అంది. కొట్టి ఎన్నాళ్ళయింది, నొప్పి ఇంకా ఎందుకుంటుంది? చిన్నది "లేదు" అని తల ఊపబోయి ఆగింది. "ఉంది. చాలా ఉంది" అంది. దొంగనొప్పే. వదినకూ తెలుసు. అయినా మందుల చీటీ తీసుకోవడానికి పిలుపు వచ్చేదాకా ఆ చెంప నిమురుతూనే ఉంది.

వైద్యం తేలిగ్గా జరగలేదు. మందులు ఎక్కించినన్ని రోజులూ పెద్దదానికి వాంతులు, నోటినిండా పుళ్ళు. జుట్టంతా రాలిపోయింది. చిన్నది బడి అవగానే వార్డుకు వచ్చి మంచం పక్కన కూర్చునేది. భయం తగ్గాక దాని గుణం దానికి తిరిగొచ్చింది. అక్కకు వచ్చే పళ్ళన్నీ ఏరేది. నర్సులు అక్కనే పలకరిస్తున్నారని గునిసేది. "నాకు గుండు చేస్తే బుర్ర వంకరగా ఉంటుంది. దీనికి గుండు కూడా బాగుంది చూడత్తా" అని నిజంగానే కుళ్ళుకుంది. ఎదురుమంచం పిల్లవాడి తల్లి బిత్తరపోయింది. పెద్దది పుళ్ళనోటితో నవ్వలేక దిండులో ముఖం దాచుకుంది.

ఆపరేషనుకు ముందురోజు కూడా అదే గొడవ. ఎవరో తెచ్చిన బొమ్మను చూసి చిన్నది, "నీకేమే, మహారాణివి. అందరూ నీ చుట్టే" అంది.

పెద్దది దానివైపు తిరిగి, "నేను నీ మీద ఎంత కుళ్ళుకునేదాన్నో నీకు తెలుసా?" అంది.

"నా మీదా? నా దగ్గర ఏముందని?"

"నీకు కాళ్ళు నొప్పెడితే అమ్మ 'ఏం కాదులే, పో' అనేది. నేను పక్కగదిలోంచి వినేదాన్ని. ఎంత హాయిగా ఉంటుందో అనుకునేదాన్ని, అలా అనిపించుకుంటే. నాకు దోమ కుట్టినా అమ్మ ముఖం మాడిపోయేది. ఆ ముఖం చూడలేక నొప్పులు దాచడం అలవాటైంది. ఒక్కసారి, ఒక్కళ్ళు, నాతో 'ఏం కాదులే, పో' అంటే బాగుండనిపించేదే."

తన దగ్గర ఉండి అక్క దగ్గర లేనిది ఒకటి ఉందని చిన్నది పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వింది. చాలాసేపు ఆ బొమ్మను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వెళ్ళేటప్పుడు అక్క దిండు పక్కనే పెట్టి వెళ్ళింది.

కాలు నిలిచింది. ఇదంతా జరిగి ఏళ్ళు గడిచాయి. పెద్దది మోకాలు పూర్తిగా మడవలేదు, పరుగెత్తలేదు, డాక్టరు పిలిచినప్పుడల్లా వెళ్ళి చూపించుకుంటుంది. ముందుగదిలో అన్నయ్య కూర్చునే కుర్చీ ఇప్పుడు దానిది. దుకాణం మాత్రం తక్కెడ చేతికొచ్చింది, లెక్క తప్పదు కాబట్టి వ్యాపారం బాగుంది. దుప్పట్లు ఇప్పటికీ ఇద్దరే మడత పెడతారు. చిన్నది పాతగీత మీద కాకుండా, అక్కకు దగ్గరగా జరిపి ఎర్రరంగుతో కొత్తగీత గీసింది. అంతదాకా మాత్రం అక్క రావాల్సిందే, రాకపోతే ఊరుకోదు.

మొన్న ఒక చొక్కా త్వరగా కావాలని ఎవరో నిలబడితే, పెద్దది తనే ఇస్త్రీపెట్టె తీసుకుంది. వేలు పెట్టె అంచుకు తగిలింది. "అబ్బా!" అంది. నా పక్కన గుండీలు ఏరుకుంటున్న వదిన, ఆ ముసలిప్రాణం, ఎగిరి లేచింది. "అయ్యో బంగారం! నా చెప్పులేవీ? ఎవరైనా బండి పిలవండర్రా!"

వెనకగదిలోంచి చిన్నది వచ్చింది. అక్క వేలు పట్టుకుని వెలుతురుకు తిప్పి, రెండువైపులా చూసింది. చూడడం బాగానే చూసింది. తర్వాత వేలు వదిలేసింది.

"ఏం కాదులే, పో" అంది. "కాసేపు కుళాయి కింద పెట్టి రా. దుప్పట్లు అలాగే పడున్నాయి."

పెద్దది కదలకుండా చెల్లెలి ముఖంకేసి చూసింది. తర్వాత కుళాయి దగ్గరకు వెళ్ళింది. అటు తిరిగి నిలబడింది కాబట్టి నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. నీళ్ళు మాత్రం చాలాసేపు పోయాయి. తిరిగొచ్చి దుప్పటి కొసలు అందుకుని, బిగలాగి, మడిచి, తన కుంటినడకతో ఎర్రగీత దాటి ఇంకో అడుగు ముందుకు వేసింది.

"గీత దాటావేం?" అని చిన్నది గయ్యిమంది. "నా అడుగు నువ్వెందుకు వేస్తావు? పో వెనక్కి!"